నెల తప్పిన రోజు నుంచి బిడ్డ మడమ రక్తపరీక్ష దాకా: హార్మోన్ వైద్యం ఎలా చేయించుకోవాలి

మా పాప పుట్టిన మూడో రోజు నర్సు వచ్చి, మడమ పక్కన సూదితో గుచ్చి, నాలుగు రక్తపు చుక్కలు ఒక మందపాటి కాగితం మీద అద్దుకుని వెళ్లింది. రెండు నిమిషాల పని. ఆ కాగితం ల్యాబ్‌కు వెళ్లింది, రిపోర్టు తిరిగి వచ్చింది, వచ్చి ఎవరి బల్ల మీదో ఉండిపోయింది. తొమ్మిదో రోజు నేనే ఫోన్ చేసి గట్టిగా అడిగితే అప్పుడు వెతికి చెప్పారు: పాపకు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ తక్కువైతే రక్తంలో పెరిగే హార్మోన్) వంద దాటింది, థైరాయిడ్ గ్రంథి పుట్టుకతోనే సరిగా ఏర్పడలేదు. పదో రోజు పొద్దున మాత్ర మొదలైంది. ఇప్పుడు పాపకు ఆరేళ్లు. తోటిపిల్లలతో సమానంగా చదువుతోంది, పరిగెడుతోంది.

ఆ ఫోన్ ఇంకో రెండు నెలలు ఆలస్యమై ఉంటే పాప మెదడుకు నష్టం జరిగిపోయేదని తెలుసు కాబట్టే ఇది రాస్తున్నాను. గర్భిణికి గైనకాలజిస్టు ఉంటారు, హార్మోన్ల సమస్య ఉంటే ఎండోక్రైనాలజిస్టు ఉంటారు, కాన్పయ్యాక పిల్లల డాక్టరు వస్తారు. ముగ్గురి దగ్గరా మూడు ఫైళ్లు. బిడ్డకు రాబోయే ముప్పు చాలాసార్లు అమ్మ ఫైల్లోనే రాసి ఉంటుంది, కానీ పిల్లల డాక్టరు ఆ ఫైలు తెరవరు. ఒకరి దగ్గరి కాగితం ఇంకొకరికి చేర్చే పని ఇంట్లోవాళ్లదే అని ముందే అనుకోండి. మందులు, మోతాదులు డాక్టరు నిర్ణయించాలి. ఏది ఏ వారంలో జరగాలో మాత్రం మీకూ తెలిసి ఉండాలి.

1. గర్భం కోసం ప్రయత్నించే ముందే డాక్టరును కలవండి

థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు, ఒకప్పుడు థైరాయిడ్ ఆపరేషనో రేడియో అయోడిన్ చికిత్సో అయినవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిలో గడ్డ ఉందని చెప్పించుకున్నవాళ్లు, మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథుల సమస్యకు రోజూ స్టెరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు, ఇదివరకు పుట్టిన బిడ్డకు ఏదైనా హార్మోన్ జబ్బు వచ్చినవాళ్లు. వీళ్లంతా నెల తప్పాక కాదు, ప్రయత్నం మొదలుపెట్టకముందే ఎండోక్రైనాలజిస్టును ఒకసారి కలవాలి.

థైరాయిడ్ తక్కువగా ఉన్నవాళ్లకు టీఎస్‌హెచ్ 2.5 లోపు ఉన్నప్పుడు గర్భం వస్తే మంచిది. షుగర్ ఉన్నవాళ్లకు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.5 లోపుకు రావాలి, అదీ పదేపదే షుగర్ పడిపోకుండా. ఎందుకంటే బిడ్డ గుండె, వెన్నెముక ఏర్పడేది మొదటి ఎనిమిది వారాల్లోపే. మీకు గర్భం అని తెలిసేసరికే అందులో సగం గడిచిపోయి ఉంటుంది. బీపీకి, కొలెస్ట్రాల్‌కు వాడే మాత్రల్లో గర్భంలో వాడకూడనివి ఉన్నాయి. వాటిని మార్పించుకోవడం, కంటి రెటీనా పరీక్ష చేయించుకోవడం, ఫోలిక్ యాసిడ్ ఎంత మోతాదు కావాలో అడగడం కూడా ఈ రోజే అయిపోవాలి. రేడియో అయోడిన్ చికిత్స తీసుకుని ఉంటే కనీసం ఆరు నెలలు ఆగాలి.

2. పరీక్షలో రెండు గీతలు కనిపించిన రోజే థైరాయిడ్ సంగతి చూడండి

ఇక్కడ కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఎక్కువమందికి తగిలేది ఇదే, ఎక్కువమంది పొరపాటు చేసేదీ ఇక్కడే.

కడుపులో బిడ్డకు సొంత థైరాయిడ్ గ్రంథి పని మొదలుపెట్టేది పది, పన్నెండు వారాలకు. అది పూర్తిగా అందుకునేసరికి పద్దెనిమిది, ఇరవై వారాలు అవుతుంది. అప్పటిదాకా బిడ్డ మెదడు ఎదుగుదలకు కావలసిన థైరాయిడ్ హార్మోన్ అమ్మ రక్తం నుంచే అందాలి. ఆరోగ్యంగా ఉన్న గ్రంథి ఉత్పత్తి పెంచి ఇద్దరికీ సరిపెడుతుంది. మాత్ర మీద ఆధారపడ్డ శరీరం పెంచలేదు. మాత్రే పెరగాలి. చాలామందికి పాతికో యాభయ్యో శాతం ఎక్కువ కావాల్సి వస్తుంది.

అయినా జరిగేది ఏమిటంటే, "కడుపుతో ఉన్నావు, మాత్రలు మంచివి కావు" అని ఇంట్లో ఎవరో అంటారు, ఆమె మానేస్తుంది. లెవోథైరాక్సిన్ మాత్రలో ఉండేది మన గ్రంథి తయారుచేసే హార్మోనే. దాన్ని ఆపడం అంటే బిడ్డకు అందాల్సినది ఆపడమే. దయచేసి ఒక్క రోజు కూడా మానకండి.

నెల తప్పిందని తెలిసిన రోజే డాక్టరుకు ఫోన్ చేసి, మోతాదు ఎంత పెంచాలో అడగండి. చాలామంది నిపుణులు పాటించే తేలికైన పద్ధతి ఒకటుంది: వారానికి ఏడు మాత్రలు వేసుకునేవాళ్లు అదే మాత్ర వారానికి తొమ్మిది వేసుకోవడం, అంటే వారంలో ఏవైనా రెండు రోజులు రెండేసి. గర్భానికి ముందు కలిసినప్పుడే, "రెండు గీతలు వస్తే ఇలా పెంచమంటారా?" అని అడిగి చీటీ మీద రాయించుకుంటే అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూస్తూ రెండు వారాలు పోగొట్టుకోనక్కర్లేదు.

తర్వాత సగం గర్భం దాకా నాలుగు వారాలకొకసారి టీఎస్‌హెచ్ చూడాలి, ముప్పయ్యో వారం దగ్గర ఇంకోసారి. మాత్ర వేసుకునేవాళ్లకు 2.5 లోపు ఉంచడమే గురి. కొత్తగా పరీక్ష చేయించుకున్నవాళ్లు రిపోర్టు చూసి కంగారుపడే ముందు ఒకటి గుర్తుంచుకోండి. రిపోర్టు పక్కన అచ్చువేసే "నార్మల్" అంకెలు మామూలు మనుషులవి. గర్భంలో, ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో, టీఎస్‌హెచ్ సహజంగానే కిందికి దిగుతుంది. గర్భంలో తయారయ్యే హెచ్‌సీజీ అనే హార్మోన్ థైరాయిడ్‌ను కూడా కొంచెం తట్టి లేపుతుంది, అందుకని. వాంతులు విపరీతంగా అయ్యేవాళ్లలో ఇది ఇంకా ఎక్కువ కనిపిస్తుంది. అది చాలావరకు తనంతట తానే సర్దుకుంటుంది, థైరాయిడ్ తగ్గించే మందులు అక్కర్లేదు. గర్భిణుల అంకెలతో పోల్చి చదివే డాక్టరుకే రిపోర్టు చూపించండి.

మాత్ర వేసుకునే తీరు మీద సగం ఫలితం ఆధారపడి ఉంటుంది. పరగడుపున, మంచినీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట దాకా ఏమీ తినకూడదు. గర్భంలో ఐరన్, కాల్షియం మాత్రలు కూడా మొదలవుతాయి కదా, అసలు చిక్కు అక్కడే. అవి థైరాయిడ్ మాత్రను పేగుల్లోనే పట్టేసి ఒంటికి పట్టనివ్వవు. నాలుగు గంటల ఎడం ఉండాలి. "మోతాదు పెంచుతున్నా టీఎస్‌హెచ్ దిగట్లేదు" అనే చాలామంది ఇళ్లలో మూడు మాత్రలూ ఒకే గుక్కలో పోతుంటాయి. థైరాయిడ్ పొద్దున, ఐరన్ మధ్యాహ్నం, కాల్షియం రాత్రి అని డబ్బాల మీద పెన్నుతో రాసేయండి. జుట్టు కోసం బయోటిన్ వాడుతుంటే రక్తపరీక్షకు రెండు రోజుల ముందు ఆపండి. అది కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో అంకెలను తారుమారు చేస్తుంది.

అయోడిన్ గర్భంలో, పాలిచ్చే కాలంలో రోజుకు 250 మైక్రోగ్రాములు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మామూలు పెద్దవాళ్లకు 150 చాలు. గర్భిణుల విటమిన్ మాత్రలో అది ఉందో లేదో సీసా మీద చదవండి.

3. థైరాయిడ్ ఎక్కువగా ఉంటే, లేక ఒకప్పుడు ఉండి ఉంటే

గ్రేవ్స్ జబ్బు (ఒంట్లోని యాంటీబాడీలే థైరాయిడ్ గ్రంథిని రెచ్చగొట్టి హార్మోన్ ఎక్కువ చేయించే జబ్బు) ఉన్నవాళ్లకు కార్బిమజోల్ లేదా మెథిమజోల్ ఇస్తారు. మొదటి నెలల్లో ఇవి బిడ్డకు పుట్టుకలోపాలు తెచ్చే అవకాశం ఉండడంతో, మందు తప్పనిసరి అయినవాళ్లకు ఆ కాలంలో పీటీయూ అనే మందుకు మారుస్తారు. దానికి కాలేయాన్ని దెబ్బతీసే గుణం ఉంది కాబట్టి తర్వాత మళ్లీ ఏం చేయాలో డాక్టరు చూస్తారు. మీ అంతట మీరు ఏదీ ఆపొద్దు, మార్చొద్దు. నెల తప్పిన వారంలోనే కబురు చెప్పండి, అంతే.

కానీ నేను గట్టిగా చెప్పాలనుకున్నది వేరే వాళ్ల గురించి. పదేళ్ల కిందట గ్రేవ్స్ జబ్బుకు ఆపరేషనో రేడియో అయోడినో అయిపోయి, ఇప్పుడు హాయిగా లెవోథైరాక్సిన్ వేసుకునేవాళ్లు. టీఎస్‌హెచ్ చక్కగా ఉంటుంది, అందరూ వీళ్లను మామూలు థైరాయిడ్ కేసు కింద లెక్కేస్తారు. గ్రంథి పోయినా, దాన్ని రెచ్చగొట్టిన యాంటీబాడీలు మాత్రం రక్తంలో ఏళ్ల తరబడి ఉండవచ్చు. అవి మాయ దాటి బిడ్డ థైరాయిడ్‌ను రెచ్చగొడతాయి. దాన్ని కనిపెట్టే పరీక్ష పేరు ట్రాబ్. గర్భం మొదట్లో ఒకసారి చూసి, ఎక్కువగా ఉంటే 18 నుంచి 22 వారాల మధ్య, మళ్లీ 30 నుంచి 34 వారాల మధ్య చూస్తారు. ఎక్కువగానే ఉంటే స్కానింగులో బిడ్డ గుండె వేగం, మెడ దగ్గర వాపు, ఎదుగుదల గమనిస్తారు. "నాకు ఒకప్పుడు గ్రేవ్స్ ఉండేది" అన్న ఒక్క ముక్క మీరు చెప్పకపోతే ఈ పరీక్ష ఎవరూ రాయరు.

4. 24 నుంచి 28 వారాల మధ్య షుగర్ పరీక్ష

నెలలు పెరిగేకొద్దీ మాయ నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్‌ను పనిచేయనివ్వవు. బిడ్డకు చక్కెర అందడానికి ప్రకృతి చేసిన ఏర్పాటది. కొందరిలో అది హద్దు దాటుతుంది. అందుకే 24, 28 వారాల మధ్య 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి పరీక్ష చేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ఖరారు చేసిన అంకెల ప్రకారం పరగడుపున 92, గంటకు 180, రెండు గంటలకు 153 మిల్లీగ్రాములు. మూడింటిలో ఏ ఒక్కటి చేరినా గర్భకాలపు షుగర్ కిందే లెక్క. బరువు ఎక్కువున్నవాళ్లు, దగ్గరివాళ్లలో షుగర్ ఉన్నవాళ్లు, ముందు కాన్పులో వచ్చినవాళ్లు మొదటి విజిట్‌లోనే చూపించుకోవాలి.

వచ్చిందని తెలిస్తే టెన్షన్ పడొద్దు, ఇంట్లో గ్లూకోమీటర్ పెట్టుకోండి. పరగడుపున 95 లోపు, తిన్న గంటకు 140 లోపు, లేదా రెండు గంటలకు 120 లోపు ఉండాలి. అంకెలు ఒక నోటుబుక్కులో టైముతో సహా రాయండి. ఫోన్‌లో ఉన్నా సరే రాయండి, డాక్టరు ఒక్క చూపులో వారం మొత్తం చదవగలిగేది కాగితం మీదే. తిండి మార్పు, నడక సరిపోకపోతే ఇన్సులిన్ ఇస్తారు. ఇన్సులిన్ మాయ దాటి బిడ్డకు చేరదని చెప్పొచ్చు, అందుకే గర్భంలో అది మొదటి ఎంపిక. "ఇన్సులిన్ దాకా వచ్చింది" అని ఏడ్చినవాళ్లను చూశాను. అది మీ తప్పూ కాదు, జబ్బు ముదిరిందనీ కాదు.

ముందు నుంచీ టైప్ 1 షుగర్ ఉన్నవాళ్లకు ఇంకో రెండు మాటలు. వాంతులవుతున్నా, ఏమీ తినలేకపోతున్నా ఇన్సులిన్ పూర్తిగా ఆపకూడదు, ఆపితే కీటోన్లు (కొవ్వు కరిగి రక్తంలో చేరే ఆమ్లాలు) పెరిగి ఇద్దరికీ ప్రాణం మీదకు వస్తుంది. మొదటి నెలల్లో షుగర్ హఠాత్తుగా పడిపోవడం మామూలే. ఆఖరి నెలల్లో మాత్రం ఇన్సులిన్ అవసరం ఉన్నట్టుండి బాగా తగ్గిపోతే సంబరపడకుండా ఆ రోజే చెప్పండి, మాయ పనితీరును చూడాల్సి రావచ్చు. నెలలు నిండకుండా కాన్పు అవుతుందని బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తే కొన్ని రోజులు షుగర్ పైకెక్కుతుంది, ఇన్సులిన్ ఎలా పెంచాలో ముందే అడిగి పెట్టుకోండి.

5. పిట్యూటరీ, అడ్రినల్ సమస్యలున్నవాళ్లు

ప్రొలాక్టిన్ (పాలు తయారయ్యేలా చేసే హార్మోన్) ఎక్కువగా తయారుచేసే పిట్యూటరీ గడ్డకు కాబెర్గోలిన్ వాడేవాళ్లకు, గడ్డ 10 మిల్లీమీటర్ల కంటే చిన్నదైతే, గర్భం ఖాయమవగానే సాధారణంగా మందు ఆపిస్తారు. ఆ తర్వాత ప్రొలాక్టిన్ పరీక్ష పదేపదే చేయించి లాభం లేదు, గర్భంలో అది ఎలాగూ పెరుగుతుంది. తగ్గని తలనొప్పి, పక్కలు కనిపించకపోవడం, చూపు మసకబారడం ఉంటే వెంటనే వెళ్లాలి. గడ్డ పెద్దదైతే లెక్క వేరు, ముందే మాట్లాడుకోవాలి.

అడ్రినల్ సమస్యకు రోజూ హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు దాన్ని ఆపకూడదు. నొప్పులు మొదలయ్యాక, సిజేరియన్ అప్పుడు ఇంజెక్షన్ రూపంలో ఎక్కువ మోతాదు కావాలి. కాన్పు గదిలో ఆ రాత్రి డ్యూటీలో ఎవరుంటారో మనకు తెలియదు కాబట్టి ఎండోక్రైనాలజిస్టు సంతకంతో ఒక ఉత్తరం ఆసుపత్రి బ్యాగులో పైనే పెట్టుకోండి.

6. ముప్పయ్యో వారంలో "బిడ్డ డాక్టరుకు" అని ఒక కాగితం రాయించండి

నా దృష్టిలో ఈ మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైన పని ఇది, ఖర్చు ఏమీ లేనిది కూడా.

ఒకే ఒక పేజీ. పైన అమ్మ పేరు, కాన్పు తేదీ అంచనా. కింద అమ్మకున్న హార్మోన్ సమస్య, వాడిన మందులు, ఎప్పటి నుంచి, ఆఖరి రిపోర్టుల అంకెలు. గ్రేవ్స్ అయితే ట్రాబ్ విలువ తప్పకుండా ఉండాలి. దాని కింద "బిడ్డకు చేయవలసినవి" అని రాసి, ఏ పరీక్ష ఎన్నో రోజున చేయాలో ఎండోక్రైనాలజిస్టు చేత రాయించి సంతకం పెట్టించండి. మూడు కాపీలు తీయండి. ఒకటి గైనకాలజిస్టు ఫైల్లో, ఒకటి ఆసుపత్రి బ్యాగులో, ఒకటి భర్త దగ్గరో అమ్మ దగ్గరో. బిడ్డను మొదటిసారి చూడటానికి పిల్లల డాక్టరు రాగానే చేతికివ్వండి. నోటితో చెప్పిన మాట ఆ హడావుడిలో నిలవదు.

7. పుట్టిన మొదటి రోజు

అమ్మకు షుగర్ ఉంటే కడుపులో బిడ్డకు చక్కెర ఎక్కువ అందుతుంది. బిడ్డ క్లోమం దానికి తగ్గట్టు ఇన్సులిన్ ఎక్కువ తయారుచేయడం అలవాటు చేసుకుంటుంది. బొడ్డుతాడు కోయగానే చక్కెర సరఫరా ఆగిపోతుంది, ఇన్సులిన్ మాత్రం ఉంటుంది. బిడ్డ రక్తంలో షుగర్ పడిపోతుంది. అందుకే మొదటి గంటలోపే పాలు పట్టాలి, బిడ్డను ఒంటికి ఆనించుకుని వెచ్చగా ఉంచాలి, మొదటి పాలు పట్టిన అరగంటకు మడమ నుంచి చుక్క తీసి షుగర్ చూడాలి. తర్వాత రెండు మూడు గంటలకొకసారి, పాలు పట్టేముందు, పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల దాకా చూస్తారు. తక్కువగా ఉంటే చెంప లోపల గ్లూకోజ్ జెల్ రాసి మళ్లీ పాలు పడతారు. అయినా లేవకపోతే సెలైన్ ద్వారా ఇస్తారు. వణుకు, మెత్తబడిపోవడం, పాలు లాగకపోవడం, నీలంగా మారడం కనిపిస్తే పరీక్ష టైము దాకా ఆగకుండా నర్సును పిలవండి.

ఇలాంటి షుగర్ పడిపోవడం ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. 48 గంటలు దాటినా నిలవకపోతే, పదేపదే 60 కంటే కిందికి జారుతుంటే, ఇంటికి పంపేముందు కారణం వెతకాలి. ఇన్సులిన్ ఆగకుండా తయారవడమో, పిట్యూటరీ పనిచేయకపోవడమో కావచ్చు. షుగర్ తక్కువగా ఉన్న ఆ నిమిషంలోనే తీసిన రక్తంలో ఇన్సులిన్, కార్టిసాల్, గ్రోత్ హార్మోన్, కీటోన్లు చూస్తే జవాబు దొరుకుతుంది. గ్లూకోజ్ ఎక్కించి అంకె సరిచేశాక తీస్తే దొరకదు. "ఆ శాంపిల్ తీశారా?" అని అడగడంలో తప్పు లేదు.

ఇంకొకటి, చెప్పుకోవడానికి చాలామంది ఇబ్బందిపడేది. బిడ్డ జననాంగం చూసి ఆడో మగో తేల్చలేకపోతే, లేదా మగబిడ్డ అంటున్నారు గానీ వృషణాలు రెండు వైపులా తగలకపోతే, ఎవరినీ తొందరపెట్టకండి, ఎవరి తొందరకూ లొంగకండి. పేరు, కబురు కొద్ది రోజులు ఆగొచ్చు. అది అడ్రినల్ హార్మోన్ లోపం ఉన్న ఆడబిడ్డ కావచ్చు, ఆ లోపం రెండో వారంలో ప్రాణం మీదకు తెస్తుంది. సోడియం, పొటాషియం, 17-ఓహెచ్‌పీ (అడ్రినల్ లోపాన్ని పట్టించే హార్మోన్), క్రోమోజోమ్ పరీక్ష, కడుపు స్కానింగ్ అయ్యేదాకా పిల్లల ఎండోక్రైనాలజిస్టు పర్యవేక్షణలోనే ఉండాలి.

8. మూడో రోజు మడమ చుక్క

పుట్టగానే బయటి చల్లదనానికి బిడ్డ టీఎస్‌హెచ్ ఒక్కసారిగా ఎగుస్తుంది. అరగంటలో శిఖరానికి చేరి తర్వాత మెల్లగా దిగుతుంది. అందుకని మొదటి రోజు తీసిన శాంపిల్ లేనిపోని భయం పెడుతుంది. 48 నుంచి 72 గంటల మధ్య తీయడం మంచిది. దానికి ముందే డిశ్చార్జ్ చేస్తుంటే, ఎక్కడ ఎప్పుడు తీస్తారో అడిగి రాయించుకున్నాకే బయటికి రండి. బిడ్డకు రక్తం ఎక్కించాల్సి వస్తే దానికి ముందే శాంపిల్ తీయాలి.

తీసేటప్పుడు మడమను గోరువెచ్చటి గుడ్డతో కాసేపు కాపితే చుక్క తేలిగ్గా వస్తుంది. మడమ మధ్యలో కాదు, పక్క అంచున గుచ్చాలి. కాగితం మీద గీసిన గుండ్రాల్లో ఒక్కో దానికి ఒక్కో పెద్ద చుక్క పడి, వెనక వైపుకూ ఇంకాలి. చిన్న చుక్కల మీద చుక్కలు అద్దితే ల్యాబ్ తిరగ్గొడుతుంది, రోజులు పోతాయి. బిడ్డ పాలు తాగుతుండగా తీయమని అడగండి, ఏడుపు తక్కువగా ఉంటుంది.

ఎండిన రక్తపు చుక్కతో పరీక్ష చేసే పద్ధతిని 1960లలో అమెరికాలో రాబర్ట్ గత్రీ వేరే జబ్బు కోసం వాడుకలోకి తెచ్చారు. 1970లలో కెనడాలోని క్విబెక్‌లో జాన్ డుసో దాన్ని థైరాయిడ్‌కు వాడారు. అంతకుముందు బిడ్డ ముఖం ఉబ్బి, నాలుక పెద్దదై, గొంతు బొంగురుపోయి, ఎదుగుదల ఆగాకే జబ్బు కనుక్కునేవాళ్లు. అప్పటికి మెదడుకు నష్టం జరిగిపోయేది. పుట్టుకతో థైరాయిడ్ లోపం రెండు నుంచి నాలుగు వేల మందిలో ఒకరికి వస్తుంది. అంత తరచుగా ఉన్నా, పుట్టినప్పుడు ఎక్కువమంది బిడ్డల్లో ఏ గుర్తూ కనిపించదు. మా పాపను చూసి ఎంత బొద్దుగా, ఎంత బుద్ధిగా నిద్రపోతోందో అని అందరూ మురిసిపోయారు. ఆ నిద్రే జబ్బు.

రిపోర్టు కోసం ఏడో రోజు దాటకుండా మీరే ఫోన్ చేయండి. "ఏమీ చెప్పలేదంటే బాగున్నట్టే" అనుకోవద్దు. అంకె చెప్పమనండి, కాగితం ఫోటో పంపమనండి.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు, బరువు బాగా తక్కువున్నవాళ్లకు, కవలలకు, డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డలకు మొదటి పరీక్ష బాగున్నా రెండు వారాలకు మళ్లీ చేయాలి. కవలల్లో ఒకరి రక్తం ఇంకొకరికి కలిసి లోపం మరుగున పడవచ్చు. బొడ్డుకు, గాయాలకు అయోడిన్ ఉన్న మందు ఎక్కువగా పూసినా బిడ్డ థైరాయిడ్ కొన్నాళ్లు మందగిస్తుంది, ఆ సంగతి కూడా చెప్పండి.

అమ్మకు గ్రేవ్స్ ఉండి ట్రాబ్ ఎక్కువైతే ఈ ఒక్క చుక్క చాలదు. మూడు నుంచి ఐదు రోజుల మధ్య ఒకసారి, పది నుంచి పద్నాలుగు రోజుల మధ్య మరోసారి రక్తనాళం నుంచి తీసిన రక్తంతో థైరాయిడ్ పరీక్షలు కావాలి. అమ్మ వేసుకున్న మందు బిడ్డ ఒంట్లో కొన్ని రోజులు ఉండి జబ్బును కప్పేస్తుంది. ఇంటికి వెళ్లాక అది బయటపడుతుంది: గుండె దడదడలాడటం, ఎంత తాగినా బరువు పెరగకపోవడం, చెమటలు, ఊరుకోబెట్టలేని ఏడుపు.

9. బిడ్డకు థైరాయిడ్ మాత్ర ఇవ్వాల్సి వస్తే

చికిత్స రెండు వారాల వయసులోపు మొదలవ్వాలి. మోతాదు కిలో బరువుకు రోజుకు 10 నుంచి 15 మైక్రోగ్రాములు. స్కాన్ అవలేదని, రెండో రిపోర్టు రాలేదని మాత్ర ఆలస్యం చేయకూడదు. మొదటి అంకె బాగా ఎక్కువుంటే నిర్ధారణ కోసం రక్తం తీసి అదే రోజు మొదలుపెడతారు.

ఇచ్చే తీరు ఇది. చేతులు కడుక్కుని, ఒక చిన్న చెంచాలో మాత్ర పెట్టి, దాని మీద ఇంకో చెంచా వీపు ఆనించి నొక్కండి, పిండి అయిపోతుంది. దాని మీద పిండిన తల్లిపాలు అయిదారు చుక్కలు, లేకపోతే కాచి చల్లార్చిన నీళ్లు వేసి వేలి కొసతో కలపండి. బిడ్డ తలను కొంచెం ఎత్తి, చెంప లోపలి వైపుకు చెంచా వంచండి. చెంచాకు అంటుకున్నదాన్ని ఇంకో రెండు చుక్కలతో కడిగి అదీ పట్టండి, ఎందుకంటే ఇంత చిన్న మోతాదులో అంటుకున్న పొడి కూడా లెక్కే. పాలసీసాలో కలపొద్దు, బిడ్డ సగంలో వదిలేస్తే ఎంత పోయిందో తెలియదు. ముందే కలిపి దాచొద్దు. సోయా పాలపొడి, ఐరన్ చుక్కలు, కాల్షియం దీనికి దగ్గర్లో ఇవ్వొద్దు. రోజూ ఒకే టైముకు ఇచ్చి, క్యాలెండర్ మీద టిక్ పెట్టండి. మా ఇంట్లో ఇద్దరం ఎవరికి వారు ఇచ్చేసిన రోజు ఒకటుంది, ఆ టిక్ అప్పటి నుంచే మొదలైంది.

మొదలుపెట్టిన ఒకటి రెండు వారాలకు రక్తపరీక్ష, అంకెలు సర్దుకునేదాకా రెండు నుంచి నాలుగు వారాలకొకటి, తర్వాత మొదటి ఏడాదంతా ఒకటి నుంచి మూడు నెలలకొకటి. బిడ్డ బరువు పెరిగేకొద్దీ మోతాదు మారుతుంది. "బాగానే ఉంది కదా, ఇంకెందుకు" అని ఆపేయడం అతి పెద్ద తప్పు, బాగున్నది మాత్ర వల్లే. కొందరిలో లోపం తాత్కాలికం కావచ్చు, ఆ సంగతి మూడేళ్లు నిండాక డాక్టరు మాత్ర ఆపించి చూస్తారు. మెదడు ఎదిగే ఆ మూడేళ్లూ ప్రయోగాలు వద్దు.

10. రెండో వారంలో వాంతులు, బరువు తగ్గడం

అడ్రినల్ లోపం ఉన్న మగబిడ్డ బయటికి మామూలుగానే కనిపిస్తాడు. అందుకే అతనికి ముప్పు ఎక్కువ. ఏడో రోజు నుంచి మూడో వారం మధ్య పాలు తాగకపోవడం, వాంతులు, బరువు తగ్గడం, నీరసించి పడిపోవడం మొదలవుతాయి. ఇన్ఫెక్షన్ అనో పాలు పడలేదనో అనుకుంటారు. ఆ వయసు బిడ్డ ఇలా ఉంటే "సోడియం, పొటాషియం చూశారా?" అని అడగండి. సోడియం తక్కువ, పొటాషియం ఎక్కువ ఉంటే ఒక్క గంట కూడా ఆలస్యం కాకూడదు. మడమ చుక్కలోనే 17-ఓహెచ్‌పీ కూడా చూసే చోట్ల ఇది ముందే దొరుకుతుంది. నెలలు నిండని బిడ్డల్లో ఆ అంకె ఉత్తినే ఎక్కువ చూపడం మామూలు, రెండో పరీక్షతో తేలుతుంది.

ఖాయమైతే హైడ్రోకార్టిసోన్ రోజుకు మూడుసార్లు, ఒంట్లో ఉప్పు నిలిపే ఫ్లూడ్రోకార్టిసోన్, కొంత ఉప్పు ఇస్తారు. జ్వరం వస్తే హైడ్రోకార్టిసోన్ రెండు మూడు రెట్లు పెంచాలి, వాంతితో మాత్ర నిలవకపోతే ఇంజెక్షన్ చేసి ఆసుపత్రికి వెళ్లాలి. ఆ ఇంజెక్షన్ ఎలా చేయాలో డిశ్చార్జికి ముందే ఇంట్లో ఇద్దరు నేర్చుకోండి, నర్సు ఎదుట చేసి చూపించేదాకా.

11. బాలింత సంగతి

అందరి చూపూ బిడ్డ మీదే ఉంటుంది, అమ్మ పరీక్షలు అప్పుడే జారిపోతాయి.

థైరాయిడ్ మాత్ర మోతాదు కాన్పు కాగానే గర్భానికి ముందున్న దానికి దించి, ఆరు వారాలకు టీఎస్‌హెచ్ చూడాలి. పాలిస్తూ ఈ మాత్ర వేసుకోవచ్చు. ఇన్సులిన్ వాడేవాళ్లకు మాయ బయటికి రాగానే అవసరం ఒక్కసారిగా పడిపోతుంది, పాత మోతాదు కొనసాగిస్తే ప్రమాదం. గర్భకాలపు షుగర్ వచ్చినవాళ్లు నాలుగు నుంచి పన్నెండు వారాల మధ్య మళ్లీ 75 గ్రాముల పరీక్ష చేయించుకుని, ఆ తర్వాత కూడా ఒకటి నుంచి మూడేళ్లకొకసారి చూపించుకుంటూ ఉండాలి.

మునుపు ఏ సమస్యా లేనివాళ్లకు కూడా కాన్పు తర్వాత ఏడాదిలోపు థైరాయిడ్ వాచి, మొదట హార్మోన్ ఎక్కువై, తర్వాత తక్కువై ఇబ్బంది పెట్టవచ్చు. దడ, చేతుల వణుకు, కొన్ని నెలలకు విపరీతమైన అలసట, దిగులు, జుట్టు రాలడం. ఇవన్నీ "చంటిపిల్ల తల్లి కదా, మామూలే" అన్న మాట కింద కప్పబడిపోతాయి. దిగులుగా ఉన్న బాలింతకు ఒకసారి టీఎస్‌హెచ్ చూడమని అడగండి.

కాన్పులో రక్తం బాగా పోయినవాళ్లలో పిట్యూటరీ గ్రంథికి రక్తం అందక అది దెబ్బతినవచ్చు. బ్రిటిష్ పాథాలజిస్టు హెరాల్డ్ షీహన్ 1937లో దీన్ని వివరించారు, ఆయన పేరే దానికి ఉంది. పాలు అసలు పడకపోవడం మొదటి గుర్తు, ఆ తర్వాత నెలసరి తిరిగి రాకపోవడం, నీరసం, బీపీ పడిపోవడం. పాలు పడలేదంటే తల్లి సరిగా తినలేదని, ప్రయత్నించలేదని అనేవాళ్లే ఎక్కువ. కాన్పులో ఎంత రక్తం పోయిందో, ఎన్ని సీసాలు ఎక్కించారో డిశ్చార్జి కాగితంలో రాయించుకోండి. పాలు పడని పక్షంలో ఆ కాగితం తీసుకుని, నాలుగు మాటలు పడేలోపే ఎండోక్రైనాలజిస్టు దగ్గరికి వెళ్లి కార్టిసాల్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి.